గంటలు విప్పిన ఎడ్లు

మెదక్ చర్చిలో మౌనప్రార్థన వేళ అందరూ తలలు వంచి నోళ్లు మూసుకుంటే, వెనక వరుసలో ఒక ముసలాయన మాత్రం బెంచీ చెక్క మీద వేలితో టకటకా కొడుతూ ఉండేవాడు. పాస్టరుగారు రెండుసార్లు చెప్పి చూశారు. చెప్పినప్పుడు బుద్ధిగా తల ఊపేవాడు. తర్వాతి ఆదివారం మళ్లీ మామూలే. చాదస్తమని కొందరు, మతి చెడిందని కొందరు అనుకున్నారు. నా ఎదుట ఆ మాటన్న వాళ్లతో నేను పోట్లాటకు దిగేవాణ్ణి. నాకు కోపం ఎక్కువని ఊళ్లో ఎలాగూ పేరుంది, ఇంకాస్త పెరిగితే పోయేదేమీ లేదు.

ఆయన పేరు యాకోబు. రాతిపని మేస్త్రీ. కరువు రోజుల్లో చర్చి కడుతుంటే ఆయన తండ్రి పూటకూడు కోసం రాళ్లు మోయడానికి వెళ్లి, మోస్తూ మోస్తూ పని నేర్చుకున్నాడట. తల్లి చిన్నప్పుడే పోతే యాకోబును ఎత్తుకు తిరిగి పెంచింది అక్క ఎలిశిబా. ఆమెకూ ఆయనకూ పదేళ్ల తేడా. నడివయసు దాటినా ఆమె ఆయన్ను "తమ్మీ" అని పిలిచి, అన్నం తిన్నావా అని అడిగిన తర్వాతే మిగతా మాటలు మాట్లాడేది. ఊళ్లో మేస్త్రీకి భయపడేవాళ్లు చాలామంది. మేస్త్రీ భయపడేది ఆమెకొక్కదానికే.

యాకోబుకు చెవే ఆస్తి. సుత్తితో రాయిని ఒక దెబ్బ కొట్టి, తల పక్కకు వంచి విని, "ఇది లోపల పగిలింది, వద్దు" అనేవాడు. పైకి చూస్తే నున్నగా ఉండేది. మొండివాడెవడైనా దాన్ని చెక్కబోతే రెండు ముక్కలయ్యేది. గోడలకు చెవులుంటాయంటారు గానీ, గోడ గుట్టు వినే చెవి మా మేస్త్రీదేనని కచేరీలో మేము సరదాగా అనుకునేవాళ్లం. నేను అప్పుడు తాలూకా కచేరీలో గుమాస్తాను.

అరవై మూడులో, వినాయక చవితి వెళ్లిన వారానికి, ఆరు రోజులు విడవకుండా వాన పట్టింది. మంగళవారం తెల్లవారుతుండగా జిల్లేడుకుంట కట్ట తెగింది. నీళ్లు కింది గల్లీలో నుంచి ఒక్కసారిగా దూకి, పొద్దెక్కేసరికి వాగులోకి దిగిపోయాయి. కానీ ఆరు రోజులు నానిన మట్టిగోడలు ఆ ఒక్క దెబ్బకు నిలవలేదు. అన్నీ మిద్దె ఇళ్లు. దూలాల మీద మూరెడు మందాన మట్టి. గోడ జారితే ఆ బరువంతా నేల మీదికి వచ్చేది. నలభై ఇళ్లలో ఇరవై ఏడు కూలాయి. మధ్యాహ్నానికి నాలుగు శవాలు దొరికాయి. గల్లీ చివరింటి ఎల్లయ్య భార్య బాలలక్ష్మి జాడ మాత్రం తెలియలేదు. ఎల్లయ్య ఆ రాత్రి రామాయంపేటలో ఉండిపోయి బతికాడు. వచ్చి చూసేసరికి ఇల్లు లేదు, పెళ్లాం లేదు.

పైనుంచి మాకు వచ్చిన ఉత్తర్వు: శిథిలములు తక్షణమే తొలగించవలెను. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు ఉంటాయి మా ఉత్తర్వులు. దేనితో తొలగించాలి? కచేరీలో ఉన్నవి రెండు పారలు, అందులో ఒకదానికి కామ లేదు. పంపుతామన్న లారీ రామాయంపేట రోడ్డు మీద ఇరుసుదాకా దిగబడింది. నేను తల పట్టుకుని కూర్చుంటే యాకోబు పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మదన్ మోహన్ సారూ, మీ కాయితాలు తర్వాత రాసుకోండ్రి. నాకు మూడు తీర్ల మనుషులు కావాలె. దూలం లేపెటోళ్లు, తవ్వెటోళ్లు, మోసెటోళ్లు. ఒకని పని ఇంకొకడు జెయ్యొద్దు. గట్లయితెనే కింద ఉన్నోళ్లు బతుకుతరు."

రెండు గంటల్లో ఆయన మనుషులను కూడగట్టిన తీరు చూసి నాకు సిగ్గేసింది. దూలాలు లేపడానికి వడ్డెరవాళ్లు, మోకులతో సహా వచ్చారు. చర్చి గోదాము నుంచి పాత ఇనుప కప్పీ దిగింది. తవ్వడానికి తన తాపీ పనివాళ్లనే పెట్టాడు. గంపలతో అరవై మంది ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి, గంప చేతులు మారాలే తప్ప మనిషి కదలకూడదన్నాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి పద్దెనిమిది ఎడ్లబండ్లు వచ్చాయి. గల్లీ మొదట్లో కూలిన ఇంటి దిబ్బను కాస్త చదును చేయించి, బండ్లన్నీ దాని మీద ఆపమన్నాడు. అక్కడ తప్ప బండి తిరగడానికి చోటు లేదు.

"ఇది ఎవరిల్లు?" అని అడిగాను.

"మా అక్కది. ఖాళీ ఇల్లు సారూ. ఆదివారం ప్రార్థన కాంగనే నేనే బండెక్కించి చేగుంటల ఆమె బిడ్డ దగ్గరికి తోలిన. ఖాళీ ఇండ్లు ఆఖరికి. ముందుగాల మంది ఇండ్లు జూస్త. నా ఇంటోళ్లదే ముందు తవ్విన అంటె రేపు ఎవడన్న మాట వింటడా?"

అది న్యాయమైన మాట. నేను మెచ్చుకున్నాను కూడా. ఆ మెప్పు ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

ఆ తర్వాత ఆయన చెప్పిన షరతు ఒకటి బండివాళ్లకు నచ్చలేదు. ఎడ్ల మెడలో గంటలన్నీ విప్పాలి. ఆడవాళ్లు గాజులు మోచేతి పైకి తోసి గుడ్డ చుట్టుకోవాలి. అరగంటకోసారి ఆయన కట్టెకు కట్టిన ఎర్రగుడ్డ పైకెత్తుతాడు. ఎత్తగానే పార ఎత్తినవాడు ఎత్తినట్టే, గంప పట్టినామె పట్టినట్టే ఆగిపోవాలి. దగ్గు వస్తే నోట్లో కొంగు కుక్కుకోవాలి. అప్పుడాయన కూలిన ఇంటి మట్టిలోకి గడ్డపార దింపి, దాని కొసకు చెవి ఆనించి వింటాడు. లోపల ప్రాణముంటే గడ్డపార చెబుతుందని ఆయన నమ్మకం.

ఆ నిశ్శబ్దాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. పట్టపగలు, వాన వెలిసి నెత్తిన ఎండ, గల్లీ నిండా రెండు వందల మంది మనుషులు. ఒక్క చప్పుడు లేదు. గంటలు లేని ఎడ్లు తలలూపుతుంటే ఏ శబ్దమూ రాకపోవడం చూడడానికి ఎలాగో ఉండేది. కూలిన గోడలో ఒక దేవుడి గూడు మిగిలి ఉంది, అందులో కుంకుమ భరిణ చెక్కు చెదరలేదు. నాకు ఎంతసేపూ దాని వైపే చూపు పోయేది. ఎర్రగుడ్డ దించగానే అందరం ఒక్కసారిగా గట్టిగా ఊపిరి తీసుకునేవాళ్లం. మేస్త్రీ లేచి, ఏమీ వినబడకపోతే మిగిలిన గోడ ముక్క మీద సున్నంతో ఒక గీత గీసేవాడు. అంటే అక్కడ తవ్వే తొందర లేదని.

మంగళవారం సాయంత్రానికి పదకొండు ఇళ్లకు గీతలు పడ్డాయి.

బుధవారం పొద్దున ఒకచోట విని, మేస్త్రీ చెయ్యి పైకెత్తాడు. నన్ను కూడా విను రమ్మన్నాడు. చల్లటి ఇనుముకు చెవి పెట్టాను. లోపల ఎక్కడో, టిక్కు. కాసేపాగి మళ్లీ, టిక్కు. మనుషులందరినీ అక్కడికే తోశాం. నాలుగు గంటలు తవ్వితే బయటపడింది వడ్ల గుమ్మి. నానిన వడ్లు ఉబ్బి, గుమ్మి మట్టిని లోపలినుంచి పగలగొడుతున్నాయి. మేము విన్నది ఆ పగుళ్ల చప్పుడు. ఎల్లయ్య ఆ గుమ్మి పక్కనే కూలబడి, నోట్లోంచి శబ్దం రాకుండా ఏడ్చాడు. అప్పటికి అతనికి కూడా నోరు మూసుకోవడం అలవాటైపోయింది.

ఆ దెబ్బతో మేస్త్రీ చిన్న చప్పుళ్లను నమ్మడం మానేశాడు. కూలీల్లో గొణుగుడు మొదలైంది. బాలలక్ష్మి ఎప్పుడో వాగులో కొట్టుకుపోయి ఉంటుంది, దీనికి ఇంత తతంగం ఎందుకని.

దానికి తోడు బండ్ల దగ్గర ఇంకో గొడవ. బండివాడు ఒకడు వచ్చి మొర పెట్టుకున్నాడు.

"మేస్త్రీ, గా దిబ్బ మీద ఎడ్లు నిలవడ్తలేవు. నిన్నట్నుంచి గదే లొల్లి. కాళ్లు ఎత్తి ఎత్తి పెడ్తున్నయి, నేల దిక్కు జూసి చెవులు నిక్కపొడుస్తున్నయి. గాడ ఏదో ఉన్నది. గాలి సోకిన జాగ అది."

మేస్త్రీ నవ్వాడు. "గాలి లేదు, గీలి లేదు. అది మా అక్క ఇల్లు. మా అక్కకు భయపడి దయ్యాలు గూడ రావు."

అయినా బండివాళ్లు వినలేదు. వేపకొమ్మలు తెచ్చి ఎడ్ల కొమ్ములకు కట్టారు. ఒకడు బండి తోలుకుని వెళ్లిపోతానన్నాడు. చేసేది లేక మేస్త్రీ ఆ దిబ్బ దగ్గరికి వెళ్లి, వాళ్ల మనసు కుదుటపడాలని ఎర్రగుడ్డ ఎత్తాడు. ఎడ్లను దూరంగా తోలించాడు. గడ్డపార దింపి చెవి పెట్టాడు. వేరే ఇళ్ల దగ్గర వందంకె లెక్కపెట్టేంతసేపు వినేవాడు. ఇక్కడ బండివాళ్ల తృప్తి కోసం దానికి నాలుగింతలు విన్నాడు. గల్లీ మొత్తం బిగుసుకుపోయి నిలబడింది. నా చెవుల్లో నా నెత్తురు కొట్టుకోవడం నాకు వినబడింది.

"ఏం లేదు, మట్టి" అని లేచాడు. సున్నం గీత గీశాడు. ఎడ్లను మళ్లీ తోలుకొచ్చారు. అవి మళ్లీ కాళ్లు ఎత్తి పెట్టడం మొదలుపెట్టాయి.

గురువారం పొద్దున బండ్లవాళ్లు సంతోషంగా కనిపించారు. "ఇయ్యాల ఎడ్లు మంచిగ నిలవడ్డయి సారూ. వేపకొమ్మ పని జేసింది" అన్నారు. నేనూ సంతోషించాను. ఒక గొడవ తగ్గిందనుకున్నాను.

ఆ పూటే కౌడిపల్లి నుంచి వీరయ్య అనే కొత్త బండివాడు వచ్చాడు. వాడి ఎడమటి ఎద్దు మెడలో పెద్ద కంచుగంట. విప్పమంటే విప్పనన్నాడు. ఎల్లయ్య ఇంటి దగ్గర మేస్త్రీ గడ్డపార దింపి ఎర్రగుడ్డ ఎత్తించాడు. అందరం ఆగాం. వీరయ్య ఎద్దు ఆగలేదు. అది తలాడించినప్పుడల్లా గల్లీ అంతా ఖంగుమంటోంది.

"విప్పరా గాడ్ది కొడుక!" అని అరిచాడు మేస్త్రీ, గడ్డపారకు చెవి ఆనించే.

"విప్పనీకె లేదు మేస్త్రీ! ఏడుపాయల దుర్గమ్మకు మొక్కి కట్టిన గంట. జాతర దాక విప్పితె ఎద్దు దక్కది. కావాలంటె నన్ను కొట్టు."

మేస్త్రీ నిజంగానే కొట్టడానికి లేవబోయాడు. లేవబోయినవాడు సగంలో ఆగాడు. మళ్లీ వంగి చెవి పెట్టాడు. ముఖంలో రంగు మారింది. ఎద్దు నిలకడగా నిలబడింది, గంట ఆగింది. ఆయన అలాగే కాసేపు విని, వీరయ్య వైపు చెయ్యి ఊపాడు.

"ఇంకొకపారి కొట్టు."

"ఏంది మేస్త్రీ?"

"గంట కొట్టు! జోరుగ కొట్టు!"

వీరయ్య గంట పట్టుకుని ఊపాడు. మేస్త్రీ నా తల పట్టుకుని గడ్డపారకు అదిమాడు. లోపల నుంచి టకటకటకమని ఆత్రంగా వస్తోంది చప్పుడు. వీరయ్య ఆపాడు. చప్పుడు కూడా ఆగింది. మళ్లీ ఊపాడు. మళ్లీ మొదలైంది. కింద ఎవరో ఉన్నారు, ఆ ఎవరో మమ్మల్ని వింటున్నారు.

కప్పీకి మోకు కట్టి, వడ్డెరవాళ్లు దూలాన్ని అంగుళం అంగుళం లేపారు. మధ్యాహ్నం దాటాక బాలలక్ష్మిని బయటికి తీశారు. పెద్ద దూలం ఒక కొస గోడకు ఆని వాలడంతో, దాని కింద మనిషి పట్టేంత సందు మిగిలింది. నానిన మట్టిలోంచి కారిన నీళ్లే ఆమె ప్రాణం నిలిపాయి. ఒంటినిండా మట్టి, పెదవులు పగిలిపోయాయి, చేతిలో చిప్పగరిటె. ఎల్లయ్య దగ్గరికొస్తే గుర్తుపట్టి అతని అంగీ పట్టుకుంది. దవఖానకు బండి కట్టేలోగా మేస్త్రీ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, రెండు దినాల సంది ఈడ చెవి పెట్టి వింటున్న. నువ్వెందుకు కొట్టలే?"

ఆమె గొంతు గరగరలాడింది. "కొట్టిన మామా. మీరు సప్పుడు జేసినప్పుడల్లా కొట్టిన. పారలు ఇనబడితె కొట్టిన, మాటలు ఇనబడితె కొట్టిన. నడిమిట్ల నడిమిట్ల మీరంత ఒక్కసారే ఊకుంటిరి. పోయిండ్రనుకున్న. ఎవలూ లేకుంటె ఎవలికోసం కొట్టాలె? మళ్ల వస్తరేమోనని నేను గూడ ఊకుండి విన్న."

ఆ మాట నా బుర్రకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఆమెను వినాలని పైన మేము ఊపిరి బిగబట్టాం. మమ్మల్ని వినాలని కింద ఆమె ఊపిరి బిగబట్టింది. మేము గీసిన సున్నం గీతలన్నీ ఆ రెండు మౌనాల మధ్య గీసినవే.

ఆమె నీళ్లు రెండు గుక్కలు తాగి, మళ్లీ కళ్లు తెరిచింది. "మామా, ఎలిశిబవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. చేగుంటల ఉన్నది."

"చేగుంటకు పోలేదు గద. నడిమిట్ల వాగు అడ్డమొచ్చిందని సోమారం పొద్దుమూకినంక మర్లొచ్చింది. యాడ నిప్పు దొరకక మా ఇంట్ల అడుక్కొని పోయింది. ఈ వానల తమ్మునికి చెప్పనీకె యాడ పోను, పొద్దుగాల చెప్త అన్నది."

యాకోబు లేచిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అరవలేదు. గడ్డపార పెరికి భుజాన వేసుకుని, గల్లీ మొదటికి నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. ఆయన వెనక మేమందరం. దిబ్బ మీద పద్దెనిమిది జతల ఎడ్లు నిమ్మళంగా నెమరు వేస్తున్నాయి.

"తియ్యుండ్రి! బండ్లు తియ్యుండ్రి!"

గడ్డపార దించాడు. ఈసారి ఎర్రగుడ్డ ఎత్తలేదు. "ఒర్లుండ్రి! పారలు కొట్టుండ్రి! రేకుడబ్బ ఉంటె తెచ్చి కొట్టుండ్రి!" అన్నాడు. రెండు వందల మందిమి గొంతులు చించుకున్నాం. గంపలు బోర్లించి కొట్టారు, బండి చక్రాల మీద రాళ్లతో బాదారు. ఆయన గడ్డపారను రెండు చేతులా కౌగిలించుకుని విన్నాడు. "అక్కా" అన్నాడు ఇనుముతోనే. "అక్కా, నేను. యాకోబును." మేము ఇంకా గట్టిగా అరిచాం. ఆయన మొహం చూస్తూ అరిచాం. ఆ మొహంలో ఏ మార్పూ రాలేదు.

తవ్వాం. ఎవరి పని ఎవరిదన్న నియమం అక్కడ పోయింది. గుమాస్తాను నేనూ చేతులతో మట్టి తోడాను. పొద్దు వాలేవేళకు గడపరాయి కనిపించింది. గడప పక్కనే, తలుపు చెక్క కింద, ఆమె ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టు ఉంది. తలుపు ఆమె మీద బరువు పడకుండా కాపాడింది. ముఖాన గాయం లేదు. కాళ్లు మాత్రం దూలం కింద ఉన్నాయి. వడ్డెర పెద్దమనిషి మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఒళ్లు ఇంకా చెడలేదన్నాడు. ఈ పొద్దున పోయి ఉంటుందన్నాడు. ఎడ్లు నిమ్మళించింది కూడా ఈ పొద్దునేనని మాలో ఎవ్వరమూ పైకి అనలేదు.

ఆమె కుడిచేతిలో కారం నూరే రాయి ఉంది. చెయ్యి గడపరాయి మీదే ఉంది.

యాకోబు ఆ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత గడపరాయి మీది మట్టిని అరచేత్తో తుడిచాడు. ఒకచోట తెల్లగా, నలుసులు లేచిపోయి, చిన్న గుంట. బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూశాడు. వేలి గోరు మునిగింది. రాతిపనివాడు రాయి మీద దెబ్బను ఎలా చూస్తాడో అలాగే చూశాడు, వంగి, మెల్లగా, అన్ని వైపుల నుంచీ.

"నల్లరాయి సారూ ఇది. నేనే చెక్కి పెట్టిన. ఆడమనిషి చేత్తోటి గింత లోతు పడాలంటె రెండు దినాలు కొట్టాలె. రాత్రి గూడ కొట్టాలె."

నేను వంగి ఆ గుంటలో నా వేలు పెట్టి చూశాను.

"అన్ని ఇండ్లకన్న ఎక్కువసేపు ఈడనే సప్పుడు బంద్ జేపిచ్చిన."

ఎవరమూ ఏమీ అనలేకపోయాం. గంపలవాళ్లు, వడ్డెరవాళ్లు, బండ్లవాళ్లు, ఆ దిబ్బ చుట్టూ తలలు వంచుకుని నిలబడిపోయారు. ఆయన తలెత్తి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఆయన కళ్లలో భయం చూశాను.

"గట్ల ఊకోకుండ్రి" అన్నాడు. "మీ కాల్మొక్కుత. ఎవలన్న ఏదన్న మాట్లాడుండ్రి."